మూడు వైర్లు, ఒక నాటకం

డెబ్భైల చివర్లో మా బాబాయి మస్కట్ నుంచి టేప్‌రికార్డరు తెచ్చాడు. రేడియో నాటకాన్ని అందులోకి ఎక్కించాలంటే రెంటినీ కలిపే వైరు కావాలని నాన్న వన్ టౌన్‌లోని రేడియో సామాన్ల కొట్టుకి వెళ్లారు.

"ఇదే పడుద్దండీ, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నాడట కొట్టాయన. నాన్న నిజంగానే కళ్లు మూసుకున్నట్టున్నారు. మూడుసార్లు వెళ్లి మూడు రకాల వైర్లు తెచ్చారు. ఒక్కదాని పిన్నూ దూరలేదు.

నాలుగోసారి వెళ్లడం ఆయనకు నామోషీ. అందుకని రేడియోనీ టేప్‌రికార్డరునీ పెళ్లిచూపుల్లోలా ఎదురెదురుగా కూర్చోబెట్టి, గంటసేపు ఎవరూ ఊపిరి కూడా పీల్చకూడదన్నారు. మేం పీల్చలేదు.

ఆ క్యాసెట్టు ఇప్పటికీ ఉంది. నాటకం ఎక్కడో గొణుగుతూ ఉంటుంది. ఖంగుమని వినపడేది నాన్న గొంతొక్కటే, అదీ పదకొండు సార్లు: "నోర్మూసుకోండెహే, రికార్డవుతోంది!"