చిన్న కోడలికి బదులు పెద్ద కోడలు

నా పరిశోధనకు మొదటి దెబ్బ గద్వాలలో తగిలింది. రోగికి బదులు ఇంకో మనిషి వచ్చి, కొంగు సర్దుకుని, దర్జాగా రోగి కుర్చీలో కూర్చుంది.

నేను క్లినికల్ సైకాలజిస్టును. మందులు రాసే డాక్టరును కాను, మాటలతో వైద్యం చేసేదాన్ని. ఈ తేడా మా అమ్మకు ఇప్పటికీ ఎక్కలేదు. "మా బిడ్డ పిచ్చి డాక్టరు" అని మా ఊరు కల్వకుర్తిలో కూరగాయల వాళ్ళతో సహా అందరికీ చెప్పేసింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దవాఖానల్లో వారానికో రోజు చొప్పున కూర్చునేదాన్ని. నా ప్రశ్న చిన్నదే. కోపాన్నీ దుఃఖాన్నీ నోరెత్తకుండా మింగేసేవాళ్ళకు, వాటిని గుర్తుపట్టి ఒకరితో చెప్పుకోవడం నేర్పితే డిప్రెషన్ తగ్గుతుందా? తగ్గుతుందని నాకు మొండి నమ్మకం. పరిశోధనలో నమ్మకానికి విలువ లేదు, నిరూపించాలి.

ఆ రోగిది గద్వాల జిల్లా గట్టు మండలంలో ఒక పల్లె. మొదటిసారి అత్త వెంట పెట్టుకొచ్చింది. వెనకాల మూడేళ్ళ పాప, నాయనమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని. మాట్లాడిందంతా అత్తే.

"మా చిన్న కోడలు శాన మంచిది మేడం, నోట్ల నాలుక లేదు. ఏమైందో తెల్వదు. గోడ దిక్కు మొకం పెట్టుకొని పంటది. కన్నబిడ్డను గూడ ఎత్తుకుంటలేదు. పెద్ద కోడలే సాకుతున్నది."

ఏమైనా జరిగిందా అని అడిగాను. ఏమీ జరగలేదట. కొట్టేవాడు కాదు మొగుడు, తిండికి లోటు లేదు. ఏ కారణమూ కనబడకపోవడమే ఆ ఇంటికి పెద్ద పరేషాన్ అయింది.

"పత్తి క్రాసింగ్ అయిపోయేదాంక సూస్తం మేడం. గప్పటికి బాగుకాకుంటే రాయచూరు దిక్కు తల్లిగారింటికి తోలేస్తం. పిల్ల మా తాన్నే ఉంటది."

ఈ మాటలు కోడలి ముందే అంది.  కోడలి చూపు ఒక్కసారి పాప మీదికి వెళ్ళి వచ్చింది. నేనది చూశాను. ఈమెను పుట్టింటికి పంపిస్తే ఆ చూపు కూడా ఆరిపోతుందని నాకు గట్టిగా అనిపించింది.

తర్వాతి వారం వచ్చింది ఆమె కాదు, ఇందాక చెప్పిన దర్జా మనిషి. బొద్దుగా ఉంది. వేళ్ళకు పసుపుపచ్చని పుప్పొడి ఇంకా అంటుకునే ఉంది.

"నువ్వెవరమ్మా?"

"ఆమె తోడికోడలును మేడం. ఆమె లేస్తలేదు. పేరు రాసుకున్నరు గద, మనిషి రాకుంటే బాగుండదని నేనొచ్చిన. అడుగుండ్రి ఏమడుగుతరో."

ఆమె లెక్క నాకు అర్థమైంది. ఆ నెలల్లో గట్టు వైపు ఊళ్ళన్నీ విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలలోనే ఉంటాయి. మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు పొద్దున్నే చేత్తో అద్దాలి, దాన్నే క్రాసింగ్ అంటారు. ఒక పూట తప్పిందంటే ఆ పూలు దండగ. అందుకే కూలీల మేస్త్రీకి పేరిచ్చిన మనిషికి జ్వరమొస్తే, ఆ ఇంట్లోంచి ఇంకొకరు వెళ్తారు. మనిషికి మనిషి బదులు. ఆమె దృష్టిలో నేను కూడా ఒక మేస్త్రీనే.

అర్థమైంది కానీ ఒళ్ళు మండింది. "ఆమెకు జ్వరమొస్తే నువ్వు గోలి మింగుతవా అమ్మా?" అన్నాను.

"మింగితే తగ్గేదుంటే మింగుదు మేడం."



హైదరాబాదులో ఉన్న మా గైడు సారుకు ఫోన్ చేశాను. "ఆ పేరు తీసెయ్యి. పరిశోధన వేరు, సంఘసేవ వేరు" అన్నారు. న్యాయమే. తీసేశాను. కానీ తీసేసింది పరిశోధనలోంచి, నా గదిలోంచి కాదు. మొండితనంలో మా వంశానికి పేరుంది.

పెద్ద కోడలిని ప్రతి వారం రమ్మని, ఒక్కటే షరతు పెట్టాను. "ఈడ ఆమె గురించి ఏం చెప్పినవో, ఇంటికి పోయి అదే మాట ఆమెకు చెప్పాలె. ఒక్క ముక్క దాచొద్దు." మనిషి లేనప్పుడు ఆ మనిషి గురించి మాట్లాడడం మా వృత్తిలో తప్పు. ఆ తప్పు చేయకూడదని పెట్టిన షరతు అది. లోపల్లోపల ఇంకో ఆశ కూడా ఉంది. మన గురించి ఎవరో ఏదో చెబుతున్నారంటే, ఎంత మౌనంగా ఉండే మనిషికైనా చెవి అటే పోతుంది.

అలా కొన్ని వారాలు నడిచింది. తమాషా ఏమిటంటే, ఆవిడ జవాబులన్నీ "నేను" అనే చెప్పేది. "నాకు అన్నం సయిస్తలేదు మేడం" అనేది, తెచ్చుకున్న పల్లీలు నములుతూ. నవ్వాపుకోలేక ఫ్యాను వైపు చూసేదాన్ని.

ఒకరోజు పాప సంగతి అడిగాను. బిడ్డ గురించి ఆమె ఏమంటుంది?

నమలడం ఆగింది. "'పిల్ల నాకొద్దు' అంటది మేడం."

 ఆ మాట అత్త చెవిన పడితే చిన్న కోడలిని రేపే బస్సెక్కిస్తుంది.

"ఈ మాట గూడ చెప్పాల్నా ఆమెకు?" అంది పెద్ద కోడలు.

చెప్పాలంటే భయం. వద్దంటే నా షరతుకు అర్థం లేదు. "చెప్పాలె. ఆమెకొక్కదానికే, ఎవ్వలు లేనప్పుడు" అన్నాను. ఆవిడ వెళ్ళగానే ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి, రోజూ ఒకసారి ఆ ఇంటికి వెళ్ళి చూసి రమ్మన్నాను. ఆ వారం వనపర్తిలో ఉన్నా, నాగర్‌కర్నూల్లో ఉన్నా నా ప్రాణం గట్టు మీదే ఉంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని.

మళ్ళీ గద్వాల రోజు వచ్చింది. తలుపు తోసుకుని చిన్న కోడలు వచ్చింది. ముందు ఆమె, వెనక ముఖం చిన్నబుచ్చుకుని పెద్ద కోడలు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేనట్లనలే మేడం."

అంతవరకు నేను ఆమె గొంతు సరిగ్గా వినలేదు. "ఏమనలేదమ్మా?"

"నా బిడ్డ నాకొద్దని నేనెన్నడు అనలే. నా తాన ఉంటే పిల్ల ఖరాబైతది, అక్క తాన్నయితే మంచిగుంటది అన్న. గదేనా గిది?"

"రెండు ఒక్కటే అనుకున్న చెల్లె" అంది పెద్ద కోడలు.

"ఒక్కటి గాదు."

 నాకు లేచి గంతులేయాలనిపించింది. వేయలేదు, ఉద్యోగ ధర్మం.

"కోపమొచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది."

"ఏడుంది?"

గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. "గీడ. మస్తుగుంది."

"అయితే కూసో. దాని గురించే మాట్లాడుకుందాం."

పెద్ద కోడలిని బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. చిన్న కోడలు తన కుర్చీలో తను కూర్చుంది. ఇన్నాళ్ళూ ఏమీ అనిపించని మనిషికి కోపం వచ్చింది. ఆ కోపం కిందే దుఃఖం ఉంది, కాసేపటికి అది కూడా వచ్చింది. కొంగు తడిసేదాకా ఏడ్చింది. ఇంతకాలం గోడకు చెప్పుకున్నదంతా నాకు చెప్పింది. నేను గెలిచాననుకున్నాను. కాదు, ఆమె గెలిచింది, నేను పక్కనున్నాను. అయినా సగం గెలుపు నాదే, ఎవరికీ ఇవ్వను.

సారుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "దీన్ని విడిగా కేస్ స్టడీగా రాసిపెట్టు" అన్నారు. ఆయన నోట ఆ ముక్క రావడమంటే మాటలు కాదు.

అక్కడితో అంతా బాగైపోలేదు. దవాఖాన డాక్టరు ఇచ్చిన గోలీలు వేసుకుంది, నా దగ్గరికీ వచ్చింది. ఒక వారం రాలేదు, మళ్ళీ గోడ వైపు తిరిగిందట. ఆ తర్వాతి వారం తనే బస్సెక్కి వచ్చింది. 'నా తాన ఉంటే పిల్ల ఖరాబైతది' అన్న మాట మనసులోకి వచ్చినప్పుడల్లా దాన్ని నిజమని మింగేయకుండా ఎవరితోనైనా పైకి చెప్పడం నేర్చుకుంది. ఎక్కువగా తోడికోడలితోనే చెప్పుకునేది. ఆవిడ "మల్ల మొదలువెట్టినవా" అని పాపను తెచ్చి ఒళ్ళో కూర్చోబెట్టి పోయేదట. నేను నేర్పిన పద్ధతి కాదది, కానీ పనిచేసింది.

క్రాసింగ్ అయిపోయింది. ఆ వారం అత్త వచ్చింది, నా మీద దండెత్తి.

"ఏం నేర్పినవ్ మేడం మా కోడలికి? తల్లిగారింటికి తోలుతమని నేనంటే, పొయ్యేదుంటే బిడ్డను తీస్కొనే పోత, లేకుంటే ఈడనే ఉంట అంటది. గట్టిగ గూడ అనలే. నిమ్మలంగ అన్నది."

నాకు చాలా పట్టాలున్నాయి. ఇంతటి మెప్పు ఏ పట్టాలోనూ లేదు. "అయితే ఏం చేస్తరిప్పుడు?" అన్నాను, నవ్వు కనబడకుండా.

"ఏం జేస్త? ఉండమన్న."

చిన్న కోడలు తలుపు దగ్గరే నిలబడి ఉంది. పాప ఆమె భుజం మీద నిద్రపోయింది, మూడేళ్ళ పిల్ల, బరువే. అత్త లేచి చేతులు చాచింది. "ఇటియ్యి. ఎప్పటిసంది మోస్తున్నవ్, చేతులు నొస్తయి."

"నొస్తే నొయ్యనియ్యి అత్తమ్మ" అంది ఆమె, పాపను ఇంకో భుజం మీదికి మార్చుకుంటూ. "నేను దించ."