అక్క పెట్టుకున్న గడియ

ఆ రోజుల్లో స్నానానికి గది అంటూ ఒకటి ఉండాలని మా వైపు ఎవరికీ తోచేది కాదు. ఇంటి వెనక మూడు పక్కలా జొన్నదంటు తడిక, కింద ఒక బండ, పక్కన నీళ్ల కాగు. దాన్నే బచ్చలి అనేవాళ్లం. కాళ్లు గట్టిగా ఉన్నవాళ్లు అందులోకి దూరి, రెండు చెంబులు పోసుకుని (నీళ్లకు కరువు లేని రోజున మూడు) బయటపడేవాళ్లు. కాళ్లు గట్టిగా లేనివాళ్ల సంగతి ఎవరూ ఆలోచించలేదు. మా ఇంట్లోనే అలాంటి మనిషి ఉన్నా నేనూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆ తడిక పక్కన పొగచూరిన కాగునూ, ఆ సీకాయ వాసననూ తలచుకుంటే ప్రాణం కొట్టుకుంటుంది. వెంటనే సిగ్గూ వేస్తుంది.

మాది ఓర్వకల్లు పక్కన రాతిగుట్టల కింద ఊరు. నాయన మిషను బడిలో పంతులుగా చేసి, నేను చదువుకుంటుండగానే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. మిగిలింది అమ్మా, నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దదైన అక్కా, నేనూ. అక్క ఒకసారి ఎద్దులబండి మీదినుంచి పడితే తుంటి ఎముక సరిగా అతుక్కోలేదు. అప్పటినుంచి గోడ పట్టుకుని నాలుగడుగులు వేయడమే ఆమెకు గగనం. అమ్మే రోజూ ఆమెను తడికలోకి నడిపించుకుపోయి, పీట మీద కూర్చోబెట్టి నీళ్లు పోసేది. పోసినంతసేపూ అక్క కళ్లు మూసుకునే ఉండేదని అమ్మ చెప్పేది. సీకాయ మండుతుందేమో అనుకునేవాణ్ణి (అంతకుమించి ఆలోచించే తెలివి నాకు అప్పట్లో లేదు).

ఓవర్సీరు పరీక్ష ప్యాసై, కాలువ పనిలో చేరి, మొదటి సెలవుకు దొరటోపీ పెట్టుకుని ఇంటికి వచ్చాను. "ఏం కావాలక్కా నీకు?" అని దర్జాగా అడిగాను, చీర అంటుందని. అక్క నా టోపీ వంక చూసింది. "నా నీళ్లు నేను పోసుకోవల్లప్పా. ముప్పై ఏండ్లదాన్ని. అమ్మ నడుము పడిపోతాండాది. ఇంగేమీ వద్దు నాకు" అంది. "ఓస్, అంతేనా!" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ముల్లులా గుచ్చుకుంటుంది.

సెలవు పొడిగించుకుని మరీ పనిలో దిగాను. ముందు కాగితం మీద గీశాను, గీసింది అమ్మకు చూపించాను, అమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని "బాగుండాది నాయనా" అంది. తడిక పీకించి రాతిగోడలు లేపించాను. బేతంచెర్ల నుంచి నాపబండలు తెప్పించి, ఇసుక వేసి రుద్దించి రుద్దించి అద్దంలా చేయించాను. బచ్చలి నీళ్లు పెరట్లోని మునగచెట్టుకు పారాలని నేలకు మంచి వాలు పెట్టాను. కాలువ పనిలో నాకు నేర్పిందల్లా నీళ్లు నిలవకూడదనే. మనిషి నిలవాలన్న సంగతి ఆ పుస్తకాల్లో లేదు. పట్టుకోవడానికి గోడకు తుమ్మకర్ర ఒకటి బిగించాను. ఎత్తు కొలవడానికి నేనే నిలబడి, నా రొమ్ముకు సమంగా గీత గీశాను. "ఇంత నున్నగా ఉండాదే, జారదా?" అని అమ్మ అడిగితే "ఇది నీకు తెలిసేది కాదులేమ్మా" అన్నాను.

మొదటిరోజు అక్క గోడ పట్టుకుని, మమ్మల్నెవరినీ రానివ్వకుండా, ఒక్కతే లోపలికి వెళ్లింది. రెండో చెంబు పోసుకున్న చప్పుడు వినిపించింది. ఆ వెనకే ధబ్బుమని ఇంకో చప్పుడు. అమ్మ లోపలికి పరుగెత్తింది. అక్క పీటతో సహా జారి తూము దగ్గర ఉందట. చీర చుట్టి బయటికి తీసుకొచ్చేసరికి మోచేయి చీరుకుపోయి రక్తం కారుతోంది, ఆమె మాత్రం పడీపడీ నవ్వుతోంది. "ఇంగ కొంచెం వాలు పెట్టింటే మునగచెట్టు కాడికే పోతుంటి కదప్పా, ఓవర్సీరూ!" నేనూ నవ్వబోయాను. అంతలో ఆ నవ్వు ఆగిపోయింది. గోడవైపు తిరిగి పడుకుని, "అమ్మే పోస్తాదిలే ఇంగ. నాకింతే రాసిపెట్టుండాది" అంది.

మర్నాడు పొద్దున వీధిలో "రోళ్లకు కక్కు కొడతామమ్మో" అని కేక వినిపించింది. రోలు వాడగా వాడగా నున్నబడితే, ఉలితో సన్నసన్న గంట్లు పెట్టి గరుకు చేసే ముసలామె. అమ్మ రోలు చూపించడానికి పెరట్లోకి పిలిస్తే, ఆ అవ్వ దారిలో బచ్చలి దగ్గర ఆగిపోయింది. బొటనవేలితో బండను రుద్ది చూసింది. "ఎవురప్పా ఈ బండ పరిసింది? నున్నటి రోట్లో గింజే నిలవదు, తడికాలు యాడ నిలుస్తాది?"

"నేనే అవ్వా" అన్నాను (టోపీ అప్పటికే తీసేశాను).

అవ్వ నన్ను వదిలేసి అక్కను పిలిచింది. "ఈడ కూసోమ్మా. ఇప్పుడు లెయ్యాలనుకో. చెయ్యి యాడికి పోతాదో సూపీ." అక్క చేయి చాపింది. అది నా మోకాలికి జానెడు పైన ఆగింది. నా తుమ్మకర్ర ఎక్కడో పైన, బట్టలారేసే దండెంలా వేలాడుతోంది. "ఈ కర్ర నీకు నువ్వు పెట్టుకున్నట్టుండావు నాయనా" అంది అవ్వ. అక్క బచ్చలికి కొలతలు తీయడానికి అక్కను అడగాలని నాకు ఒక్కసారైనా తట్టలేదు. అంత చదువూ చదివి నేను చేసిన పని అది.

బండలు పీకించి వాలు తగ్గించాను. అవ్వ రెండు రోజులు కూర్చుని నేలంతా రోలులా కక్కు కొట్టింది. అక్క చెప్పినచోట రాతిగద్దె, చేయి అందినచోట కర్ర. అంతా అయ్యాక అక్క తలుపు వైపు చూసి, "గడియ ఏదప్పా?" అంది.

"గడియ ఎందుకక్కా? లోపల పడితే మేమెట్ల వచ్చేది?"

"గడియ లేకుంటే అది బచ్చలి కాదు, సంత. పడితే నేనే పిలుస్తా."

అమ్మ వద్దంది, నేను వద్దన్నాను. అక్క కొయ్యలా కూర్చుంది. చివరికి గడియ పెట్టించాను.

ఆ రోజు ఆమె లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. ఒక చెంబు, రెండు చెంబులు, మూడు. తర్వాత ఏమీ వినిపించలేదు. అమ్మ నన్ను చూసింది. తలుపు తట్టాను. పలకలేదు. గట్టిగా బాదాను. పగలగొట్టడానికి భుజం ఆనించాను కూడా.

"ఏందప్పా నీ గోల?" అంది లోపలినుంచి. "ఊరికే కూసోనుండా. ఇన్నేండ్లకు ఒగదాన్నే ఉండా. కొంచేపు ఉండనీ."

అమ్మ అక్కడే నేల మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చేతిలో పని లేని అమ్మను నేను చూడడం అదే మొదలు.

అక్క పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత ఎన్ని కాలువలు తవ్వించానో, ఎన్ని వంతెనలు కట్టించానో నాకే గుర్తులేదు. ఆ మూడు గజాల నేల మాత్రం గంటు గంటూ గుర్తుంది. తలుపుకు భుజం ఆనించి చెమటలు కారుస్తున్న ఆ కుర్ర ఓవర్సీరును తలచుకుంటే నవ్వొస్తుంది. అక్క మళ్లీ ఒక్కసారి అలా లోపల కూర్చుంటే, ఈసారి తట్టను. పొద్దుగూకేదాకా బయటే కూర్చుంటాను.