షవాద్ఫీ కుడిచేయి

ఈజిప్టులోని దమ్యాత్‌లో సగం ఊరు చెక్క మీదే బతుకుతుంది. షవాద్ఫీ కోసేవాడూ కాదు, చెక్కేవాడూ కాదు, పాలిష్ పెట్టేవాడు. మీసాలు రాకముందు నుంచీ అదే పని. గుడ్డలో దూది చుట్టి, లక్కలో ముంచి, బీరువా తలుపు మీద గుండ్రంగా తిప్పుతూ పోతే చివరికి అందులో మన ముఖం మనకు కనిపించాల్సిందే. బీరువాలు అద్దాల్లా మెరిసేవి గానీ ఆయన చేతులు మాత్రం చెట్టు బెరడులా తయారయ్యాయి. గోళ్ల చుట్టూ గోధుమరంగు మరకలు, వేళ్ల కణుపుల దగ్గర పగుళ్లు. చలికాలంలో నెత్తురు కూడా చిమ్మేది. కూతురు రబాబ్‌కు పెళ్లి కుదిరేదాకా ఆయన దాన్నొక సంగతిగానే అనుకోలేదు.

పెళ్లివారు మాటలకు వచ్చిన రోజు, టీ గ్లాసు అందిస్తున్న ఆయన వేళ్లు చూసి పెళ్లికొడుకు మేనత్త, "అయ్యో, చెయ్యి కాల్చుకున్నారా అన్నయ్యా?" అంది. పాపం, నిజంగా జాలిపడే అడిగింది. ఆయన మాత్రం చేతిని గబుక్కున జేబులో దోపుకున్నాడు.

వాళ్లు వెళ్లాక భార్య ఇన్షిరాహ్‌తో మెల్లగా అన్నాడు: "నికా రోజు అబ్బాయి చెయ్యి మా అన్నయ్య మెత్వల్లీ పట్టుకుంటాడులే. బట్టల కొట్లో కూర్చునే మనిషి, చేతులు శుభ్రంగా ఉంటాయి."

నికా చదివేటప్పుడు పెళ్లికూతురి తండ్రి, పెళ్లికొడుకు కుడిచేతులు కలిపి పట్టుకోవాలి. పైన తెల్లరుమాలు కప్పుతారు. వచ్చినవాళ్లందరి కళ్లూ ఆ చేతుల మీదే.

"పిల్లను కన్నది నువ్వా, మీ అన్నయ్యా?"

"నవ్వుతారే, ఇన్షిరాహ్."

"నవ్వితే నవ్వనీ. నువ్విలా వచ్చి కూర్చో."

బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి, కాస్త సబ్బు కలిపి ఆయన చేతులు అందులో ముంచింది. నానిన తర్వాత నిమ్మచెక్కతో రుద్దబోయింది. ఆయన పెట్టిన కేకకు మిద్దె మీది పావురాలు ఎగిరిపోయాయి.

"చంపుతావా ఏంటి!"

"సరేలే, ముందు పగుళ్లు మాననీ."

నిమ్మకాయ పక్కనపెట్టింది. మెత్తటి గుడ్డతో తడి అద్ది, ఆలివ్ నూనె వేడిచేసి వేలు వేలుకీ పట్టించింది. గోళ్లు నీళ్లలో మెత్తబడ్డాక కత్తిరించి, మొనలు అరగదీసింది. గోరుచుట్టు చర్మాన్ని కోయలేదు, నూనెతో వెనక్కి నెట్టింది. పడుకునేముందు వాజలీన్ రాసి చేతులకు పాత సాక్సులు తొడిగింది.

"దుప్పటి ఎలా లాక్కోను?"

"నేను కప్పుతాలే, పడుకో."

రంగు పూసేటప్పుడు రబ్బరు గ్లౌజులు వేసుకోమంది. లక్క పట్టించేటప్పుడు మాత్రం వేళ్లకు చెక్క తగలాల్సిందే అని ఆయన మొండికేశాడు. సగం సగం ఒప్పుకున్నారు. గ్లౌజులు చూసి పక్క వడ్రంగి, "ఏం మేస్త్రీ, పెళ్లి అమ్మాయికా, నీకా?" అని ఆటపట్టించాడు. షవాద్ఫీ ఉడుక్కున్నాడు గానీ గ్లౌజులు తీయలేదు.

పెళ్లి దగ్గరపడేసరికి పగుళ్లు పూడాయి, చర్మం మెత్తబడింది. గోళ్లలోకి ఇంకిన రంగు మాత్రం పోలేదు. అది గోరు పెరిగి రాలితేనే పోతుంది. ఆయన చేతులు వెలుతురులోకి పట్టి చూసుకుని, "లాభం లేదే. అన్నయ్యకు కబురు పంపుతా," అన్నాడు.

గోరింటాకు ఆరబెట్టుకుంటున్న రబాబ్ లేచి వచ్చింది. "పెదనాన్న కూర్చుంటే నేను సంతకం పెట్టను నాన్నా."

"అదేం మాటమ్మా?"

"అంతే. నా పెళ్లి నువ్వు చేస్తావా, చెయ్యవా?"

కళ్లు తుడుచుకోబోయి, చేతికి నూనె ఉందని గుర్తొచ్చి ఆగిపోయాడు. ఇన్షిరాహే తన తలగుడ్డ అంచుతో తుడిచింది.

మసీదులో పెళ్లికొడుకు ఎదురుగా కూర్చున్నాడు. చేయి అందుకున్న షవాద్ఫీ ఉలిక్కిపడ్డాడు. ఆ పిల్లాడి అరచెయ్యి చెమటతో తడిసి, మంచుగడ్డలా ఉంది. ఆయనకు తన గోళ్ల మాటే గుర్తు లేకుండా పోయింది.

"భయపడకు నాయనా, గట్టిగా పట్టుకో," అని గొణిగాడు.

"జారిపోతోంది మావయ్యా," అన్నాడు అబ్బాయి. షవాద్ఫీ కిసుక్కున నవ్వాడు. నికా చదివించే మాజూన్ గొంతు సవరించుకుని ఇద్దరినీ ఒక చూపు చూశాడు.

తర్వాత వేలిముద్రలు. చెక్కను నున్నచేసే గరుకు కాగితం పట్టీ పట్టీ అరిగిపోయిన షవాద్ఫీ బొటనవేలు వేస్తే నల్లటి మచ్చ తప్ప ఒక్క గీత పడలేదు. మాజూన్ మళ్లీ సిరా పూసి, వేలును అటూ ఇటూ దొర్లించి, ఎలాగో నాలుగు గీతలు రప్పించాడు. ఇంతా చేసి శుభ్రం చేసిన వేలు మళ్లీ నల్లబడిందని ఆడవాళ్ల వైపు నుంచి ఇన్షిరాహ్ తల కొట్టుకుంది. పెళ్లికొడుకు మేనత్త ఆమె భుజం తట్టి, "ఆ సిరా రేపటికి పోతుందిలే వదినా," అని స్వీటు తినిపించింది.

రబాబ్ అత్తారింటికి వెళ్లిపోయింది. ఆ చలికాలం షవాద్ఫీ వేళ్ల నుంచి నెత్తురు రాలేదు. గోళ్ల మొదళ్లలో లేతరంగు కొత్త గోరు పైకి వస్తోంది. పని నుంచి రాగానే ఆయన చెప్పులు విడుస్తూ వంటింట్లోకి తొంగిచూస్తాడు. "బేసిన్‌లోకి నీళ్లు ఇంకా కాగలేదా?" అని ఇన్షిరాహ్ మీద విసుక్కుంటాడు.