నెల్లూరు గొట్టాలతో మద్రాసుకు

మా నెల్లూరు చర్చిలో పాత పైపు ఆర్గన్‌ను చెదలు తినేశాయి. తగరం, సీసం కలిపి చేసిన గొట్టాలు మాత్రం వాటికి రుచించలేదు. మద్రాసులో ఒక చర్చిది ఇందుకు తిరగేసిన కథ: ఆర్గన్ పెట్టె నిక్షేపంగా ఉంది, గొట్టాలే సగం పాడయ్యాయి. మావి అందులో అమర్చి చూద్దామన్నారు. నేను గొట్టాలు చేర్చిన రోజు సాయంత్రమే అక్కడి కమిటీ వచ్చి వింటుంది. పలక్కపోతే వాళ్ళు కరెంటు ఆర్గన్ కొంటారు, మా గొట్టాలు కొలిమిలోకి పోతాయి. కాలేజీలో ఫిజిక్సు చెబుతాను కనుక ఈ పని నా మీద పడింది.

ఉదయం అయిదున్నరకు ప్యాసింజరు. గూడూరులో ఇడ్లీ, చట్నీకి కొబ్బరితో దూరపు చుట్టరికం. ఎదురు సీటు పెద్దాయన నా ట్రంకుపెట్టెను కాలితో తోసి చూశాడు.

"ఏముండాది సామీ, ఇంత బరువు?"

"పిల్లనగ్రోవులు. నలభై."

"వాయించేవాళ్ళు ఎందరు?"

"ఒక్కడే."

ఆయన కాలు వెనక్కి తీసుకుని, సూళ్లూరుపేట దాకా కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు.

ఎన్నూరు పొగ దాటి, పదకొండుకు సెంట్రల్. అక్కణ్ణించి రిక్షాలో చూలై. ఆర్గన్ బాగుచేస్తున్న దానియేలు గారి షెడ్డు అక్కడ, పాత్రల కొట్టు పక్కన. నా ట్రంకుపెట్టె తెరవగానే ఆయన ముఖం మారింది. ఇల్లు మారేటప్పుడు గిన్నెలో గిన్నె పెట్టి సర్దడం మా ఇంటి అలవాటు. అదే నేర్పుతో సన్న గొట్టాలను లావు వాటిలో దూర్చి, చోటు కలిసొచ్చిందని మురిశాను. దారి పొడుగునా రైలు వాటిని కుదిపి కుదిపి బిగించింది.

"లాగితే చీలతాది, కొడితే సొట్టపడతాది. ఫిజిక్సు మాస్టారికి నేను చెప్పాల్నా?" అన్నారాయన.

ఫిజిక్సు తరఫున నేను చొక్కా చేతులు మడిచాను.

మాటలు విని పాత్రల కొట్టు రాజమ్మ గారు వచ్చారు. "అయ్యే, ఇంతేనా! లోటాలో లోటా ఇరుక్కుంటే మీ ఇంట్లో ఏం చేస్తారు? పైదానికి వేడినీళ్ళు, లోపలిదానికి ఐసు. ఆడ సోడా కొట్లో ఐసు ఉండాది, తేండి సార్! ఈడ నిలబడుకొని ఏం చూస్తారు?"

వ్యాకోచం గురించి ఏటా పాఠం చెప్పేవాణ్ణి, ఐసు మోశాను. పై గొట్టానికి వేడినీటి గుడ్డ చుట్టి, లోపలిదాంట్లో ఐసు మూట దించి, ఆవిడ మెల్లగా తిప్పితే మొదటిది ఊడొచ్చింది. మూడున్నరకు చివరిది. ఒకదానికి సొట్ట మిగిలింది. దానియేలు గారు దాన్ని గుండ్రటి కర్ర మీద సరిచేశారు.

అయిదింటికి చర్చి. కమిటీ ముగ్గురూ ముందు వరుసలో, ఒళ్ళో కరెంటు ఆర్గన్ బొమ్మల పుస్తకంతో. దానియేలు గారు గొట్టాలు నిలబెట్టి మీట నొక్కారు. గొట్టంలోంచి దగ్గు వినిపించింది. నేను నేలను పరిశీలించాను. ఆయన గొట్టం నోట్లో మిగిలిన నీటిబొట్టు తుడిచి మళ్ళీ నొక్కారు.

పలికింది. తర్వాత ఒక్కొక్కటే, నలభై పలికాయి. శ్రుతికి ఇంకా నెల పట్టేట్టుంది కానీ, మావీ వాళ్ళవీ కలిపి పలికిస్తే ఒకే ఇంటివాళ్ళలా ఉన్నాయి.

కమిటీ పెద్ద పుస్తకం మూశాడు. "సరి, కరెంటుది వద్దు. క్రిస్మసుకు ముగించేయండి."

ఆ రాత్రి దానియేలు గారింట్లో పడుకుని, ఉదయం బండెక్కాను. ఆ గొట్టాలు ఇక మావి కావు. ఊళ్ళో ఈ సంగతి కాస్త దిగులుగా చెప్పడం మర్యాద. అందుకని గుమ్మిడిపూండి నుంచి గూడూరు దాకా దిగులుపడటానికి శ్రమించాను. కుదరలేదు.