తాళం వేసిన జాబితా

మెమో వచ్చిన రోజు సోని అన్నం ముట్టలేదు. ఆకలి లేక కాదు, ఒళ్లు మండి. 'మీరు పంపిన మూడు నెలల నివేదికలు చదవడానికి వీలుగా లేవు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి' అని ఖమ్మంలోని పై ఆఫీసు రాసింది. సాక్ష్యంగా ఆమె ఈమెయిల్‌నే ప్రింటు తీసి జతచేశారు. పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. వెతికినా ఒక్క మాట దొరకదు. ఆ పిచ్చిరాత మూలన అధికారి ఆకుపచ్చ సిరాతో 'చూశాను' అని సంతకం కూడా పెట్టాడు.

సోని లంబాడీ తండా పిల్ల. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో మూడేళ్లు, అమెరికా డాక్టర్లు చెప్పింది చెవుల్లో పెట్టుకుని విని టైపు చేసే కంపెనీలో పనిచేసింది. అక్కడి చట్టం ప్రకారం రోగి వివరం బయటికి పొక్కితే కంపెనీకి గడ్డుకాలమే. అందుకని ప్రతి మెయిల్‌నూ ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే అవతల తాళంచెవి ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాకుండా మార్చి పంపేవాళ్లు. ఒకమ్మాయి ఎవరో అమెరికా ముసలాయన మూలశంక గురించిన కాగితాన్ని బ్యాగులో మరిచిపోయి ఇంటికి తీసుకెళ్లింది. మర్నాడు ఆమెకు ఉద్యోగం లేదు.

2008 చివర్లో ఆ కంపెనీ మూతపడింది. సోని వెనక్కి వచ్చి, భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఒక మండల దవాఖానాలో, హెచ్ఐవి పరీక్షల గదిలో, వచ్చినవాళ్లకు నచ్చజెప్పి ధైర్యం చెప్పే కౌన్సిలర్‌గా చేరింది. కాంట్రాక్టు ఉద్యోగం. రోగి పేరు రహస్యమని ట్రైనింగ్ పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. నెల తిరిగేసరికి, పాజిటివ్ వచ్చినవాళ్ల పేర్లు, ఊళ్లు టైపు చేసి మామూలు మెయిల్‌లో పంపమంది పై ఆఫీసు. దవాఖానాలో నెట్ లేదు. రోడ్డవతల ఉదయ్ భాస్కర్ నెట్ సెంటర్ నుంచి పంపింది. ఆ ఫిబ్రవరి జాబితాలో దస్రు అనే కూలీ పేరుంది.

మార్చిలో దస్రు సంగతి వాళ్ల ఊరంతా తెలిసిపోయింది. బోరింగు దగ్గర అతని బిందె పెట్టనివ్వలేదు. కూలికి పిలవడం మానేశారు. అతను మందులకు రావడం మానేశాడు. జూన్‌లో చనిపోయాడు.

మార్చిలోనే సోని నెట్ సెంటర్‌కు పోయి ఉదయ్ భాస్కర్‌ను నలుగురి ముందు కడిగిపారేసింది.

"నీ కంప్యూటర్ల నుంచే పోయింది పేరు!"

"పొద్దస్తమానం హాల్‌టికెట్ల కోసం కొట్టుకుంటారు మేడమ్ ఇక్కడ. మీ లెటర్ చదివే తీరిక ఎవరికుంది?" అన్నాడతను.

ఆమె నమ్మలేదు. ఏప్రిల్ నుంచి, కంపెనీలో వాడిన ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాంతో జాబితాకు తాళం వేయడం మొదలుపెట్టింది. ఖమ్మం వెళ్లి అక్కడి కంప్యూటర్‌లోనూ ఆ ప్రోగ్రాం పెట్టి, ఆపరేటర్ జగదీష్‌కు తెరవడం నేర్పి వచ్చింది. వారం తిరక్కుండానే జగదీష్ వేరే ఉద్యోగం చూసుకున్నాడు. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కమ్లి పేరు చేరింది ఆ ఏప్రిల్ జాబితాలోనే. కమ్లి తండా బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త లేడు.

"చెల్లె, పేరు బయటవడితే నన్ను గంటె ముట్టనియ్యరు. నాకు ఇంకో పని రాదు" అంది.

"బయటవడదక్కా. నాది జిమ్మ" అని పూచీపడింది సోని.

ఇప్పుడీ మెమో. మర్నాడు తొలి బస్సెక్కింది.

ఖమ్మం ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ చెంచురామయ్య ఆమెను కూర్చోమనలేదు.

"ఏంటమ్మాయ్ ఇది? చైనా భాషా?"

"లాక్ చేసిన సార్. జగదీష్‌కు నేర్పిన."

"వాడు పోయి మూడు నెలలు కావస్తోంది. మెయిల్ వస్తే నేను మూడు కాపీలు ప్రింటు తీస్తాను, సార్ సంతకం పెడతారు, ఒకటి ఫైల్లోకి పోతుంది. అదీ పద్ధతి. నీ తాళాలు మాకొద్దు. మామూలుగా పంపు."

"పేర్లున్నయ్ సార్ అండ్ల. రూల్ ప్రకారం..."

"ఎవరి రూలు? అమెరికా వాళ్లదా?" పక్క సీటు వాళ్లు నవ్వారు.

"మనదే. ట్రైనింగ్ బుక్కు ఫస్ట్ పేజీల ఉంది. మీరే ఇచ్చిండ్రు."

"సరే, సంజాయిషీ రాసివ్వు, పో." బల్ల కింది అట్టపెట్టెలోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు.

ఒకపక్క వాడేసిన కాగితం. అలవాటుగా వెనక్కి తిప్పింది. తను టైపు చేసిన పట్టికే. ఫిబ్రవరిది. మూడో వరసలో దస్రు, ముప్పై నాలుగేళ్లు, తండ్రి పేరు, ఊరు, పాజిటివ్.

"ఈ కాగితాలు దేనికి వాడుతుండ్రు సార్?"

"మీటింగు నోటీసులకు. అన్ని ఊళ్ల సబ్‌సెంటర్లకూ పోతాయి, తలుపుకు తగిలిస్తారు. మార్చి నుంచీ బడ్జెట్ లేదు, తెల్లకాగితం ఎక్కడేడ్చింది? ఫైలు కాపీ పోను మిగిలినవి ఈ పెట్టెలోకే. వెనక ఎవరు చూస్తారమ్మా?"

"ఊరు చూసింది సార్. ఈయన ఊర్ల సబ్‌సెంటర్ ఉంది. ఈయన సచ్చిపోయిండు."

ఎవరూ నవ్వలేదు. సోని వంగి పెట్టెను బల్ల మీద బోర్లించింది. ఫిబ్రవరి, మార్చి పేర్లు ఇంకా రెండు మూడు కాగితాల మీద ఉన్నాయి. ఏప్రిల్ నుంచి అన్నీ పిచ్చిరాతలే. ఆ నెలల కాపీల వెనకా నోటీసులు అచ్చయి ఊళ్లకు పోయే ఉంటాయి. కమ్లి పేరు ఊళ్ల తలుపులకు వేలాడి కూడా ఎవరికీ కనబడలేదు. జగదీష్ ఉండి ఉంటే మెయిల్ తెరిచేవాడు, ఈయన ప్రింటు తీసేవాడు. కమ్లిని కాపాడింది ఈ ఆఫీసు చేతకానితనం.

బ్యాగులోంచి తన కాగితం తీసి నిలబడే రాసింది. 'ఇకపై లెక్కలు, నంబర్లు మాత్రమే పంపుతాను. పేర్ల రిజిస్టరు దవాఖానా బీరువాలో ఉంది. అవసరమున్న అధికారి వచ్చి చూసుకోవచ్చు.' సంతకం పెట్టి, పేర్లున్న కాగితాలు ఏరి బ్యాగులో కుక్కుకుంది.

"అది గవర్నమెంట్ పేపరు, అక్కడ పెట్టు! నీ రెన్యువల్ నా టేబుల్ మీదికే వస్తుంది, గుర్తుంచుకో."

"రానియ్యండ్రి సార్. దాని ఎనక గూడ నోటీసు గుద్దుకోండ్రి."

మంగళవారం కమ్లి మాత్రలకు వచ్చింది. సోని ఏదీ దాచలేదు. దస్రు పేరు ఎట్లా పోయిందో, ఉదయ్ భాస్కర్‌ను ఉత్తపుణ్యానికి ఎట్లా తిట్టిందో, పొద్దున వెళ్లి అతనికి తప్పయిందని ఎట్లా చెప్పుకుందో అంతా చెప్పింది.

కమ్లి మాత్రల పొట్లాన్ని కొంగున ముడేసుకుంది.

"నా పేరు ఇప్పుడు ఏడుంది?"

"గా బీరువల."

"చెవి?"

సోని మెడలో తాడుకు కట్టుకున్న తాళంచెవి చూపించింది. కమ్లి లేచి వెళ్లి బీరువా పిడి పట్టుకుని లాగింది. తలుపు కదల్లేదు. గోడకు కాలు తన్నిపెట్టి, రెండు చేతులతో మళ్లీ గట్టిగా లాగింది.