బేళ్ల అక్షరాలు, దూది ఉండ, మా లహరి

మా చిన్నప్పుడు... బలపం నా చేతిలో నిలిచేది కాదు. పిడికిలితో పట్టుకునేవాణ్ని. రెండు గీతలకే జారి కింద పడేది. పలక మీద "అ" రాయమంటే పురుగు పాకినట్టు ఉండేది.

ఒకరోజు ఆదోనిలో మా బడి ఐవారు నాయనను పిలిపించారు. వీని చేతికి పట్టు లేదప్పా, ఇంకో ఏడు ఒకటిలోనే ఉండనీ అన్నారు. నేను గుమ్మం పక్కన నిలబడి విన్నాను. జతగాళ్లంతా రెండుకు పోతారు, నేనొక్కణ్ని చిన్నపిల్లల మధ్య మిగిలిపోతాను... రెండు పూటలు అన్నం సరిగా దిగలేదు.

నాయన పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో బేళ్ల మీద, అంటే అదిమి కట్టిన పత్తి మూటల మీద, గుర్తులు వేసేవాడు. రేకులో అక్షరాలు కోసి, ఆ రేకును బేలుకు ఆనించి, నల్లరంగు అద్దేవాడు. రేకు తీస్తే అక్షరం మిగిలేది.

ఆ ఆదివారం ఆయన పాత నూనె డబ్బా రేకును చదును చేసి, నాకోసం తెలుగు అక్షరాలు కోశాడు. నా వేళ్లు తెగకుండా అంచులన్నీ గరుకు రాయి మీద అరగదీశాడు. అమ్మ బట్టలకు పెట్టే నీలిమందును గిన్నెలో కలిపింది. నాయన కాస్త దూదిని ఉండ చేసి నా మూడు వేళ్ల మధ్య పెట్టాడు.

"గట్టిగా పిసకొద్దు. నిదానంగా అద్దు... బేలు యాడికీ లేసిపోదులే."

పిడికిలితో పడితే దూది నలిగి నీలమంతా కారిపోయేది. వేళ్లతో పడితేనే అక్షరం శుభ్రంగా నిండేది. గోనెపట్టాల మీద, పాత కాగితాల మీద, గచ్చు మీద... ఇంటినిండా నీలి అక్షరాలు. అమ్మ గచ్చు కడగలేక విసుక్కునేది. నెల తిరిగేసరికి బలపం వేళ్లలో నిలిచింది.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. రేకులో సున్న కోస్తే నడిమి ముక్క ఊడి పడిపోతుంది. పడకుండా పైనా కిందా సన్నటి రేకు వదలాలి. అందుకని సున్న రెండు ముక్కలుగా పడుతుంది. సున్న అంటే అదే అనుకుని, పలక మీదా అట్లే రాశాను.

ఐవారు పలకను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏమిరా, మీ ఇంట్లో ఎలుకలు సున్నల్ని గూడా కొరుకుతాండాయా?"

తరగతంతా నవ్వింది. ఆయనా నవ్వారు. నన్ను రెండుకు పంపించారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే...

మా పాప లహరికి ఐదేళ్లు. ఎమ్మిగనూరులో యూకేజీ. పోయిన వారం మేడం నన్ను పిలిపించారు. రంగులు వేయమంటే వేయడం లేదట. క్రేయాన్ పిడికిలితో పడుతోందట. ఒకటో తరగతికి పంపాలో వద్దో సోమవారం చూసి చెబుతామన్నారు. మళ్లీ ఆ గుమ్మం పక్కనే నిలబడినట్టు అయింది.

నా భార్య సుజాత ఉన్నప్పుడు రోజుకొక అక్షరం లాంగ్ నోట్‌బుక్కులో బోలుగా గీసిపెట్టేది. లోపల లహరి రంగు నింపేది. అచ్చులు అయ్యాయి. హల్లుల్లో "ర" దాకా గీసింది. తర్వాత కర్నూలు ఆసుపత్రి... సుజాత పోయి ఎనిమిది నెలలు.

మ, య, ర... ఆ మూడు పేజీల్లో గీసిన అక్షరాలు రంగు లేకుండా ఖాళీగానే ఉన్నాయి. నేను రంగుల పుస్తకాలు నాలుగు తెచ్చాను. ఒక్కటీ తెరవలేదు. చేతిలో బలం లేదేమో, డాక్టరుకు చూపించాలేమో అని వారమంతా ఇదే ఆలోచన. ఈరోజు పొద్దున అడిగాను, ఆ మూడూ ఎందుకు నింపలేదని.

"నింపితే అయిపోతాయి గదా నాన్నా. అమ్మవి ఇంక ఉండవు."

నేను లేచి బీరువా తెరిచాను.

ఆసుపత్రిలో తీసిన సుజాత ఎక్స్‌రే ఫిల్ములను నేను పారేయలేదు. ఒకటి నోట్‌బుక్కు మీద పరిచి, ఆమె గీసిన "ర"ను పెన్నుతో దించుకున్నాను. పీట మీద పెట్టి బ్లేడుతో కోశాను. నడిమి ముక్క ఊడి ఒళ్లో పడింది. మళ్లీ ఇంకోచోట, పైనా కిందా సన్నగా వదిలి కోశాను. ఆ ఫిల్ము ఏమిటో లహరికి చెప్పలేదు.

కాగితం మారిస్తే చాలు, ఇది ఎన్నిసార్లు నింపినా అయిపోదని చెప్పాను. నమ్మలేదు. దూది ఉండతో ఒకసారి రంగు అద్ది, ఫిల్ము ఎత్తి చూసింది. ఇంకో కాగితం అడిగింది. మధ్యాహ్నానికి గది నిండా ర... ర... ర.

తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"దీని తర్వాత ల కదా. నా పేరులోది. అది నువ్వు గీయి."

గీశాను. వంకరగా వచ్చింది. తను క్రేయాన్ తీసుకుని నింపడం మొదలుపెట్టింది. ఇంకా సగం పిడికిలిలోనే పట్టుకుంటోంది.

రేపే సోమవారం. మేడం ఏమంటారో తెలియదు. "ర" రాయమంటే రెండు ముక్కలుగా రాస్తుందేమో... అదొక భయం.

నాయన లేడు. ఆ రేకులూ ఎటో పోయాయి. బేళ్ల మీద ఇప్పుడు అచ్చు కాగితాలు అంటిస్తున్నారు.

మీ వేళ్లకు మొదటి అక్షరం పట్టించింది ఎవరు? దేనితో దిద్దించారు? రాయండి... లహరికి చదివి వినిపిస్తాను. "వ" నుంచి మేమే గీసుకోవాలి.