పిచ్ మీద మొలిచిన రాగులు

మా హోసూరు క్రికెట్ గ్రౌండు మాలి పోయిన మంగళవారం చనిపోయాడు. ఆ కబురు నాకు టీ కొట్టువాడు చెప్పాడు. "నీ శత్రువు పోయినాడంటప్పా" అన్నాడు, గ్లాసులో చక్కెర కొంచెం ఎక్కువే వేస్తూ. నేను టీ మొత్తం తాగాకే లేచాను. ఆ ముసలాయనకు అంతకంటే మర్యాద నా దగ్గర లేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. ఆయనవి చిన్న కళ్ళే. ఇప్పుడు వాటిని సాగదీసే పని నేను పెట్టుకోను. నోరు మాత్రం పెద్దది, చేతిలో చీపురు అంతకంటే పెద్దది. ఎనిమిదో క్లాసుతో బడి వదిలేసిన నాకు ఆయన తిట్లే పై చదువు.

ఎవరైనా చెప్పులతో పిచ్ మీదికి వస్తే ఆయనకు పూనకం వచ్చేది. "ఏమప్పా, మీ అమ్మ రొట్టె కాల్చే పెనం మీద చెప్పులేసుకోని నడుస్తావా?" అని పెద్ద పెద్ద ఆఫీసర్లను కూడా అడిగాడు. బిందెతో నీళ్ళు చల్లుతూ, "నీళ్ళు పోసేది యెవుడికైనా వస్తుంది. ఎప్పుడు నిలపాలో తెల్సినోడే మాలి" అని తనకు తానే బిరుదు ఇచ్చుకునేవాడు.

ఆ గ్రౌండుకు ఈ చుట్టుపక్కల పెద్ద పేరు. బెంగుళూరు నుంచి కూడా జట్లు వచ్చి ఆడి పోయేవి. దాని చరిత్రను క్లబ్బు గోడ మీద రాతి పలకలో చెక్కించారు. ఒక దొర గుర్రం మీద వచ్చాడట, నేల చదునుగా ఉందని మెచ్చాడట, మైదానం చేయించాడట. గుర్రం పేరు కూడా ఉంది పలకలో. నేల ఎందుకు చదునుగా ఉందో మాత్రం లేదు. అది మాలి తాతల రాగి కళ్లం. పేడతో అలికి, కంకుల మీద రాతి గుండు తిప్పి తిప్పి తరతరాలుగా వాళ్ళు గట్టిపరిచిన నేల. దొర కళ్లం తీసుకుని, ఆ ఇంటివాళ్ళకు మాలి పని ఇచ్చాడు. పిచ్ మీద తిరిగే రోలరు కూడా కొత్తదేం కాదు, కంకులు తొక్కిన ఆ గుండే.

అందుకే ఏటా కోతలు కాగానే మాలి ఒక్క రాగి కట్ట తెచ్చి పిచ్ మీద పరిచి, గుండు ఒకసారి అటూ ఇటూ లాగేవాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ఒక్క గింజ మిగలకుండా ఊడ్చుకునేవాడు. క్లబ్బువాళ్ళు చూసీ చూడనట్టు ఉండేవాళ్ళు. తాతల నేల మీద ఆయనకు మిగిలిన హక్కు ఆ ఒక్క కట్టే.

దాన్ని నేను పోగొట్టాను.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు. జట్టులో అందరికంటే ఆఖర్న బ్యాటింగు, అల్లరిలో అందరికంటే ముందు. ఒకరోజు కృష్ణగిరి జట్టు ఎదుట కావాలనే చెప్పులతో పిచ్ దాటాను. మాలి చీపురుతో చీలమండ మీద ఒకటిచ్చి, నా చెప్పులు లాగి కంపలో విసిరేశాడు. నేను ముళ్ళలో వెతుక్కుంటుంటే కృష్ణగిరివాళ్ళు చప్పట్లు కొట్టారు.

వాళ్ళతోనే మళ్ళీ ఆదివారం మ్యాచ్. గురువారం మధ్యాహ్నం మాలి పిచ్ తడిపి, సంగటి తిని, గోడ నీడన కునుకు తీశాడు. ఆ సందులో నేను రెండు దోసిళ్ళ రాగులు చల్లాను. ఎర్ర మన్నులో ఎర్ర గింజలు ఎవరికి కనబడతాయి? ఆయన లేచి గుండు లాగి, తడి గోనెలు కప్పాడు. ఒకసారి కప్పితే మ్యాచ్ పొద్దుటి దాకా ఎత్తడు. "పొదిగే కోడిని లేపి చూస్తారా?" అనేవాడు. ఆ అలవాటు తెలిసే చేశాను.

ఆదివారం అందరి ఎదుట గోనెలు ఎత్తాడు. పిచ్ నిండా లేత మొలకలు.

"మేము ఆడేదానికి వచ్చినామా, కలుపు తీసేదానికి వచ్చినామా?" అన్నాడు కృష్ణగిరి కెప్టెన్. అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా నేను. మా క్లబ్బు సెక్రటరీ మాత్రం మాలి మీద పడ్డాడు. "నీ కట్ట రాగులే ఇవి. ఇంకమీద ఈడికి ఒక్క కంకి తెచ్చినావంటే నీకు పని ఉండదు!"

మాలి ఒక మొలక పీకి వేళ్ళ మధ్య తిప్పాడు. తలెత్తి ఎవరినీ కాదు, నన్నే చూశాడు. ఆయన నోరు తెరవలేదు. అంత పెద్ద నోరు.

ఆ ఏడు నుంచి కట్ట రాలేదు. నేను ఎదురైతే చాలు, "ఏమప్పా, పంట ఎట్లుంది?" అనేవాడు. "వానల్లేవు మామా" అనేవాణ్ణి. సంతలో అడిగాడు, పెళ్ళిపందిట్లో అడిగాడు, మా నాయన దినాల్లో కూడా అడిగాడు పాపిష్టివాడు.

ఒకసారి ఉండబట్టలేక నేనే అడిగాను. "తెలిసీ ఎందుకు చెప్పలేదు మామా?"

"చెప్తే నిన్ను ఈడికి రానిస్తారా? నువ్వు రాకపోతే నేను యెవురిని తిట్టేది?" అన్నాడు. చీపురు అందుకుని, "ఒక్క గింజ గూడా మొలవకుండా పోలేదప్పా. ఇన్నేండ్లు తొక్కినా మా తాత నేల సావలేదు" అన్నాడు. చీపురుదెబ్బ కంటే ఆ మాటే గట్టిగా తగిలింది. తప్పయిందని చెప్పబోయాను. "కాలు తియ్యి, అడ్డం" అన్నాడు.

మొన్న శనివారం క్లబ్బులో ఆయనకు సంతాప సభ పెట్టారు. అదే సెక్రటరీ. సేవ, క్రమశిక్షణ అని దంచి దంచి, చివర్లో "పాపం, ఒకసారి పిచ్ మీద రాగులు పండించినాడు" అన్నాడు. సభ నవ్వింది. నేను లేచి, "ఆ రాగులు చల్లింది నేను" అన్నాను. సభ ఇంకా గట్టిగా నవ్వింది.

"సావు కాడ కూడా నీ యవ్వారం మానవా? కూచోప్పా" అన్నాడు సెక్రటరీ.

బతుకంతా ఊరిచేత అబద్ధాలు నమ్మించినవాణ్ణి, ఒక్క నిజం నమ్మించలేకపోయాను. అందుకే అచ్చులో చెబుతున్నాను. చల్లింది నేను. ఆయన ఊడ్చిన నేల మీద ఏనాడూ ఒక్క గింజ మిగల్లేదు.

మర్నాడు జూజువాడిలో మా బావమరిది చేను నుంచి ఒక రాగి కట్ట సైకిలుకు కట్టుకుని వచ్చాను. మధ్యాహ్నం, గ్రౌండులో ఎవరూ లేరు. చెప్పులు గీత అవతలే విడిచాను. కట్ట పరిచి గుండు లాగాను, అటు ఒకసారి, ఇటు ఒకసారి. నడుము పట్టేసింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ఆయన చీపురుతోనే ఊడ్చాను. నెర్రెలో ఒక ఎర్ర గింజ దిగబడింది. చీపురుకు రాలేదు, గోటికీ అందలేదు. పక్కనే ఆయన బిందె ఉంది. మంగళవారం పోయినవాడి బిందెలో, అడుగున ఇంకా చెంబెడు నీళ్ళున్నాయి. ఆ నెర్రె మీదికి బిందె వంచాను.